బండి ఎందుకు లాగదు? – నాలుగు ఘాతాల బొమ్మపై ఒక విమర్శ

మహానంది నుండి గాజులపల్లె మీదుగా గిద్దలూరు ఘాటు ఎక్కుతున్న కారొకటి ఉన్నదనుకోండి. నంద్యాల బజారులో అది చక్కగానే నడిచింది. తాళం తిప్పగానే కదిలింది. నిలబెట్టినప్పుడు నిలకడగా ఆడింది. కాని ఘాటు మొదలయి, డ్రైవరు గేరు తగ్గించి యాక్సిలరేటరు గట్టిగా తొక్కేసరికి ఇంజను నిమిషానికి 3,000 చుట్ల వరకు వచ్చి అక్కడే తడబడింది. ఆపైన ఎంత తొక్కినా వేగం ఎక్కదు. ముందు మలుపు, వెనుక బరువు లారీ. కారులో ఆసుపత్రికి పోవలసిన మనిషే ఉంటే ఆ ఆందోళన చెప్పనలవి కాదు. డ్రైవర్ల భాషలో ఈ జబ్బు పేరు “బండి లాగడం లేదు.”

ఇటువంటి బండి షెడ్డుకు వచ్చినప్పుడు సాధారణంగా వినవచ్చే మాటలు మూడు. “ప్లగ్గులు మార్చి చూద్దాం” అన్నది మొదటిది. “పెట్రోలు పంపు పోయినట్లుంది, కొత్తది వేద్దాం” అన్నది రెండవది. “కొండమీద గాలి పలచన, అంతే మరి” అన్నది మూడవది. ఈ మూడింటిలో ఏదైనా ఒకప్పుడు నిజం కావచ్చు. అయితే మూడింటికీ ఒక లోపం ఉన్నది. నెమ్మదిగా తిరిగేటప్పుడు బాగున్న ఇంజను వేగంగా తిరిగేటప్పుడే ఎందుకు చతికిలబడుతుందన్న ప్రశ్నను ఇవి తాకనే తాకవు. జబ్బు ఏ వేళలో కనబడుతున్నదో అడగకుండా మందు వేసే వైద్యం వంటిది ఈ పద్ధతి.

ఈ లోపానికి మూలం ఒక్క షెడ్డులోనే లేదు. కొంతవరకు అది బడిలో, నల్లబల్లమీద గీసే నాలుగు ఘాతాల బొమ్మలో ఉన్నది.

బొమ్మ చెప్పేది, చెప్పనిది

ఆ బొమ్మ అందరికీ తెలిసినదే. మొదటి గడిలో పిస్టను దిగుతుంది. ప్రవేశ కవాటం తెరచుకొని గాలి, పెట్రోలు ఆవిరి సిలిండరులోకి వస్తాయి. రెండవ గడిలో పిస్టను పైకి లేచి ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది. మూడవ గడిలో ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది; మండిన వాయువు పిస్టనును కిందికి తోస్తుంది. నాలుగవ గడిలో నిర్గమ కవాటం తెరచుకొని కాలిన వాయువు బయటకు పోతుంది. జర్మనీలో నికోలస్ ఆటో 1876లో నడిపి చూపిన ఇంజను పనిచేసినది ఈ క్రమంలోనే. ఇన్ని దశాబ్దాల తరువాత కూడా పెట్రోలు కారు ఈ క్రమాన్నే పాటిస్తున్నది. ఇంత పెద్ద సంగతిని నాలుగు గళ్లలో ఇమిడ్చిన బొమ్మ గొప్పదే.

కాని అది క్రమాన్ని చెబుతుంది, కాలాన్ని చెప్పదు. లోపలికి ఏది వస్తుందో చెబుతుంది, ఎంత వస్తుందో చెప్పదు. పిస్టను అట్టడుగున ఉన్నప్పుడు ఒక కవాటం మూసుకొని, సరిగ్గా కొననున్నప్పుడు ఇంకొకటి తెరచుకొన్నట్లు గీస్తుంది. వాస్తవంలో అలా జరగదు. పిస్టను అడుగు తాకి మళ్లీ పైకి బయలుదేరిన తరువాత కూడా ప్రవేశ కవాటం కొంతసేపు తెరచే ఉంటుంది. వేగంగా వస్తున్న గాలికి దాని ఊపు దానికి ఉంటుంది గనుక, ఆ ఊపుమీద ఇంకొంత గాలి లోపలికి చొరబడుతుంది. అలాగే నిర్గమ కవాటం పిస్టను అడుగు తాకకముందే తెరచుకొంటుంది. ఈ ముందువెనుకలు లేకుంటే ఇంజను పెద్ద వేగాల వద్ద ఊపిరి పీల్చుకోలేదు. ఈ సంగతిని బొమ్మ దాచిపెట్టింది కాబట్టి, దానిని మాత్రమే నేర్చుకొన్న విద్యార్థికి ఇంజను అంటే కేవలం నిప్పు, పిస్టను, బలం. అది ఊపిరి తీసే యంత్రమన్న ఊహే అతనికి కలగదు.

కాలం లెక్క

బొమ్మ పక్కన ఒక చిన్న లెక్క వేసి చూస్తే చాలు. నిలబెట్టిన కారు ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నదనుకొంటే, ఒక చుట్టుకు పట్టే కాలం సెకనులో వెయ్యింట 75 వంతులు. చుట్టుకు రెండు ఘాతాలు కాబట్టి ఒక ఘాతానికి వెయ్యింట 37.5 వంతులు. అదే ఇంజను 6,000 చుట్లు తిరిగేటప్పుడు ఒక ఘాతానికి దక్కే కాలం వెయ్యింట 5 వంతులు మాత్రమే. రెప్పపాటు కాలంలో ఇటువంటి ఘాతాలు ఎన్నో జరిగిపోతాయి. ఆ కొద్ది వ్యవధిలోనే సిలిండరు నిండాలి, లేదా ఖాళీ కావాలి. ఒక్కొక్క కవాటం సెకనుకు 50 సార్లు తెరచుకొని మూసుకోవాలి. ఒకే కాయిలుతో నడిచే నాలుగు సిలిండర్ల పాత ఇంజనులో ఆ కాయిలు సెకనుకు 200 నిప్పురవ్వలు పుట్టించాలి.

దీనినుండి మరొక ముఖ్యమైన విషయం తేలుతుంది. ఏ లోపమూ లేని ఇంజను కూడా ఒక వేగం దాటిన తరువాత ఘాతానికి తగినంత గాలి పీల్చలేదు. అందుచేత దాని మెలిబలం, అనగా టార్కు, తగ్గుతూ పోతుంది. చివరకు సామర్థ్యమూ తగ్గుతుంది. కాబట్టి పెద్ద వేగంలో శక్తి తగ్గడమే జబ్బు కాదు. తగ్గకూడని వేగంలో తగ్గడం జబ్బు. 3,000 చుట్ల వద్దనే చతికిలబడిన కారు జబ్బుపడినదే.

పరిమాణం లెక్క

ఇక రెండవ లెక్క. 1,200 ఘన సెంటీమీటర్ల ఇంజను రెండు చుట్లకొకసారి తన కడుపు నింపుకొంటుంది. పూర్తిగా తొక్కి 6,000 చుట్లు తిప్పినప్పుడు, పూర్తి నిండుదలలో నూటికి 85 వంతులు నిండినా, అది నిమిషానికి సుమారు 3,000 లీటర్ల గాలి పీలుస్తుంది. ఆ గాలి బరువు సుమారు మూడున్నర కిలోగ్రాములు. దానికి కావలసిన పెట్రోలు నిమిషానికి సుమారు 380 మిల్లీలీటర్లు. నిలబెట్టి ఆడేటప్పుడు అదే ఇంజనుకు 10 నుండి 15 మిల్లీలీటర్లు చాలు. అనగా గొట్టాలు, ఫిల్టర్లు, పంపు సుమారు 30 రెట్లు ఎక్కువ పని చేయవలసి వస్తుంది. సగం పూడిపోయిన పెట్రోలు ఫిల్టరు నిమిషానికి 15 మిల్లీలీటర్లను సునాయాసంగా విడుస్తుంది. 380 అడిగినప్పుడు దాని గుట్టు బయటపడుతుంది.

నంద్యాల ప్రాంతపు రైతుకు ఈ సూత్రం కొత్తది కాదు. కాలువ తూములో తుంగ, చెత్త అడ్డుపడినా సన్నని పారుదల ఉన్నంతవరకు ఎవరికీ తెలియదు. నిండు కాలువ వదిలిననాడు తూముకు ఎగువన నీరు ఎగదన్నుతుంది, దిగువ మడి ఎండుతుంది. మహానంది కోనేరులోనూ ఇదే సూత్రం ఉన్నది. ఊటనుండి ఎంత నీరు వస్తే అంత బయటకు పోయే దారి ఉండడంవలననే అక్కడి మట్టం నిలకడగా నిలుస్తున్నది. ఆ దారిలో ఆకులు అడ్డుపడితే, అదే నీటిని బయటకు నెట్టగల ఒత్తిడి కలిగేంతవరకు మట్టం పెరగక తప్పదు. కారు సైలెన్సరు దారి పూడినప్పుడు కాలిన వాయువు ఒత్తిడి పెరగడానికీ కారణమిదే.

అడ్డంకి వద్ద కోల్పోయే ఒత్తిడి సుమారుగా ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది. ప్రవాహం రెట్టింపైతే నష్టం 4 రెట్లు. 6 రెట్లైతే నష్టం 36 రెట్లు. నెమ్మదిగా తిరిగేటప్పుడు కనబడని లోపం వేగంలో ఒక్కసారిగా గోడవలె ఎదురునిలవడానికి మూలం ఈ వర్గమే.

నిలబెట్టి రేసు చేయడంలోని పొరపాటు

ఇక్కడ షెడ్డులో కనిపించే ఒక అలవాటును విమర్శించక తప్పదు. కారును న్యూట్రలులో నిలబెట్టి, యాక్సిలరేటరు తొక్కి, “చూడండి, 4,000 దాటి తిరుగుతున్నది, ఇంజనుకేమీ లేదు” అంటారు. భారం లేని ఇంజను తన సొంత రాపిడిని మాత్రమే గెలిస్తే చాలు. దానికి కొద్దిగా తెరచిన దారిలో వచ్చే కొద్దిపాటి గాలి సరిపోతుంది. చుట్లు పెరిగినా ప్రవాహం పెద్దగా పెరగలేదు. కాబట్టి లోపం తల దాచుకొనే ఉన్నది.

ఘాటులో ఏమి జరుగుతుందో లెక్కించవచ్చు. మనుషులతో కలిపి 1,200 కిలోగ్రాములున్న కారు బల్లపరుపు రోడ్డుమీద గంటకు 40 కిలోమీటర్లు పోవడానికి సుమారు రెండున్నర కిలోవాట్లు చాలు. 15 మీటర్లకు ఒక మీటరు చొప్పున లేచే వాలుమీద అదే వేగంతో ఎక్కడానికి సుమారు 11 కిలోవాట్లు కావాలి. నాలుగు రెట్లకు పైగా శక్తి, దానికి తగినంత గాలి, తగినంత పెట్రోలు! పరీక్ష జరగవలసింది ఈ భారం కింద. ఒకరు నడుపుతుండగా మరొకరు గేజి చూడాలి. జబ్బు కనబడే స్థితిలోనే జబ్బును వెదకాలన్నది పరీక్షకు మొదటి నియమం.

కొండగాలి వాదం

“కొండమీద గాలి పలచన” అన్న మాట వినడానికి శాస్త్రంవలె ధ్వనిస్తుంది. ఎత్తు పెరిగేకొలది గాలి పలచబడటం నిజమే. కాని ఎంత? ఈ ఎత్తులలో 100 మీటర్లకు సుమారు నూటికి ఒక వంతు. నల్లమల ఘాటులో కారు ఎక్కే ఎత్తు వందల మీటర్లలో ఉంటుంది, వేలలో కాదు. 300 మీటర్లు ఎక్కినా తగ్గే శక్తి నూటికి 3 వంతులు. వేసవిలో గాలి వేడి 30 డిగ్రీలనుండి 45 డిగ్రీలకు పెరిగితే తగ్గేది మరొక 5 వంతులు. సగం శక్తి పోయిందని మొరపెట్టుకొంటున్న కారుకు ఈ 8 వంతులు సమాధానం కావు. కారణం నిజమైనదే కావచ్చు. కాని అది జరిగినదానికి సరిపడేంత పెద్దది కాకపోతే సమాధానం కానేరదు. అంకె లేని కారణం సగం కారణమే.

నాలుగు దారులు, నాలుగు గుర్తులు

మరి సరియైన నిదానం ఎలా ఉండాలి? ముందుగా ఒక ప్రశ్న. ఇంజను మోత పెరుగుతున్నదా, లేదా? చుట్లు పెరుగుతూ బండి వేగం మాత్రం పెరగకపోతే ఇంజను నిర్దోషి, క్లచ్చి జారుతున్నదన్నమాట. చుట్లే పెరగకపోతే ఇంజను వైపు చూడాలి. డాష్‌బోర్డుమీద ఇంజను దీపం వెలిగి ఉంటే, కంప్యూటరే రక్షణ కొరకు వేగాన్ని బిగపట్టి ఉండవచ్చు. ఈ రెండు సంగతులు తేలిన తరువాత దారులు నాలుగు.

మొదటిది గాలి వచ్చే దారి. ఎండాకాలపు నల్లరేగడి దుమ్ములో తిరిగిన కారు గాలి ఫిల్టరు త్వరగా పూడుతుంది. పరీక్ష సులభం, ఖర్చు తక్కువ. కాబట్టి దీనిని ముందు చూడాలి.

రెండవది పెట్రోలు దారి. ఇంజను కొంతసేపు బాగా లాగి, తరువాత ఆకలిగొన్నట్లు తగ్గి, కాలు తీసి కొద్దిసేపు ఆగితే మళ్లీ కోలుకొంటుంది. కార్బురేటరున్న అంబాసిడర్ వంటి పాత కార్లలో ఈ గుర్తు స్పష్టంగా తెలుస్తుంది. కార్బురేటరు గిన్నెలో నిల్వ ఉన్న పెట్రోలు అయిపోయేంతవరకు బండి లాగుతుంది. ఇంజెక్షను కార్లలో భారం కింద పెట్రోలు ఒత్తిడి నిలుస్తున్నదా, పడుతున్నదా అని గేజి చెబుతుంది. పడుతున్నట్లయితే ఫిల్టరును, పంపును, పంపుకు వచ్చే విద్యుత్తును విడివిడిగా పరీక్షించాలి.

మూడవది నిప్పురవ్వ. దీని గుర్తు వేరు. శక్తి మెత్తగా తగ్గదు. బండి కుదుపులతో ఎగిరెగిరి పడుతుంది. సిలిండరు నిండుగా పీల్చి గట్టిగా నొక్కినప్పుడు ప్లగ్గు మొనల మధ్య రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. అరిగిన ప్లగ్గు, బలహీనమైన కాయిలు అప్పుడే తప్పుతాయి.

నాలుగవది పొగ పోయే దారి. కుదుపు ఉండదు; ఎవరో గొంతు నొక్కిపట్టినట్లు ఇంజను నెమ్మదిగా బిగుసుకొంటుంది. సైలెన్సరుకు ముందుండే కాటలిటిక్ కన్వర్టరులోని తేనెపట్టు వంటి సన్నని దారులు కరిగి, లేక విరిగి పూడినప్పుడు ఇలా అవుతుంది. ప్రవేశ నాళానికి శూన్యపు గేజి తగిలించి 2,500 చుట్ల వద్ద నిలిపితే, సూది క్రమక్రమంగా దిగజారడం దీనికి సాక్ష్యం. కోనేటి దారి మూసుకొన్నప్పుడు మట్టం లేచినట్లే ఇక్కడ నిర్గమ నాళపు ఒత్తిడి లేస్తుంది.

ఈ నాలుగూ బాగున్నప్పుడు కవాటాల వేళను చూడాలి. టైమింగు గొలుసు ఒక పన్ను జారినా, కవాటపు స్ప్రింగులు సడలినా ఊపిరి తప్పుతుంది. ఇది ఇంజను విప్పే పని గనుక చివరిది. సులభమైనది ముందు, విప్పవలసినది తరువాత. ఒకసారికి ఒకే మార్పు. ఇదే క్రమం.

మార్చి చూడడం, చదివి చూడడం

ప్లగ్గులు, కాయిలు, పంపు మూడూ ఒకే రోజున మార్చగా బండి బాగుపడిందనుకోండి. జబ్బు ఏది? ఎవరికీ తెలియదు. యజమాని మూడింటికి డబ్బు చెల్లించాడు. మెకానిక్కు ఏమీ నేర్చుకోలేదు. వచ్చే నెల ఇంకొక బండి వస్తే మళ్లీ మూడూ మార్చవలసిందే. ప్రయోగశాలలో మూడు పరిస్థితులను ఒకేసారి మార్చి ఫలితం రాసుకొన్న విద్యార్థికి ఉపాధ్యాయుడు మార్కులు వేయడు. షెడ్డులో మాత్రం అదే పనికి బిల్లు చెల్లుతున్నది.

స్కానరు వచ్చిన తరువాత ఈ లోపం పోయిందని కొందరనుకొంటారు. అది వేషం మార్చుకొన్నది, అంతే. “మిశ్రమంలో పెట్రోలు తక్కువ” అని స్కానరు చూపిస్తే, ఆ కబురు తెచ్చిన ఆక్సిజను సెన్సరునే తీసి పారేసేవారున్నారు. దూతను చంపరాదని లంకలో విభీషణుడు చెప్పిన నీతి ఇక్కడ గుర్తుంచుకోదగినది. ఫిల్టరు పూడినా, పంపు బలహీనపడినా, గాలిని కొలిచే సెన్సరుకు దుమ్ము పట్టినా అదే కబురు వస్తుంది. కబురు ప్రశ్నకు ఆరంభం మాత్రమే.

తప్పు నిదానంలో పోయేది డబ్బు ఒక్కటే కాదు. నిప్పురవ్వ తప్పిన సిలిండరునుండి కాలని పెట్రోలు కన్వర్టరులోకి పోయి అక్కడ మండుతుంది. కన్వర్టరు ఎర్రగా కాగుతుంది. క్రమంగా కరిగి పూడుతుంది. ఒక జబ్బు రెండు జబ్బులవుతుంది. అటువంటి కారును వేసవిలో నల్లమల అడవి పక్కన ఎండుగడ్డిమీద నిలిపితే ఆ వేడికి గడ్డి అంటుకొనే ప్రమాదమున్నది.

ఒక మంచి ఉదాహరణ

ఎప్పుడు, ఎంత అన్న రెండు ప్రశ్నలు ఎంత మేలు చేస్తాయో రెండవ ప్రపంచ యుద్ధకాలపు ఒక సంఘటన చూపుతుంది. బ్రిటిషు యుద్ధవిమానాలలోని మెర్లిన్ ఇంజను విమానం ముక్కును ఒక్కసారిగా కిందికి దించినప్పుడు ఆగిపోయేది; మామూలుగా ఎగిరేటప్పుడు ఏ లోపమూ లేదు. కార్బురేటరులో పెట్రోలు చెదరి మొదట కొరత, వెనువెంటనే వరద కలిగేవి. ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంటులో పనిచేసిన బీట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు, పూర్తి శక్తికి ఇంజను తీసుకొనే పెట్రోలు ఎంతో అంత మాత్రమే పోనిచ్చే చిన్న రంధ్రపు బిళ్లను తయారుచేసింది. 1941లో ఆ బిళ్లలను విమానాలకు అమర్చారు. వరద ఆగింది. అది లోపాన్ని పూర్తిగా తొలగించలేదు గాని, మెరుగైన కార్బురేటరు వచ్చేవరకు ఆదుకొన్నది. కొత్త ఇంజను కాదు, చిల్లు పెట్టిన ఒక బిళ్ల! దాని వెనుక ఉన్నది ఒక కొలత.

బడిలో చేయదగినది

మెకానిక్కు పక్షాన కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. గేజి కొనే స్తోమత అన్ని షెడ్లకూ ఉండదు. సాయంత్రానికి బండి కావాలని యజమాని తొందరపెడతాడు. చేతితో, చెవితో జబ్బు పట్టే అనుభవజ్ఞులు నంద్యాలలోనూ ఆళ్లగడ్డలోనూ లేకపోలేదు. కుదుపును, బిగువును వేరుచేసి వినగల ఆ చెవి కూడా ఒక సాధనమే. విమర్శ చేతిపనిమీద కాదు, కొలవకుండా మార్చే అలవాటుమీద.

ఆ అలవాటును మాన్పించే పని ఉన్నత పాఠశాలలోనే మొదలుకావచ్చు. నాలుగు ఘాతాల బొమ్మను చెరపనక్కరలేదు. దానికింద 800 చుట్ల కాలాన్ని, 6,000 చుట్ల కాలాన్ని రాయిస్తే చాలు. వర్గ నియమానికి ప్రయోగం కూడా తేలికే. ఒక నిలువు గొట్టానికి అడుగుభాగాన చిన్న రంధ్రం చేసి, రంధ్రానికి పైన 25 సెంటీమీటర్ల మట్టంలో నీరు నిలుపుతూ, నిమిషంలో కారిన నీటిని కొలవాలి. తరువాత 100 సెంటీమీటర్ల మట్టంలో కొలవాలి. ఒత్తిడి 4 రెట్లు పెరిగినా నీరు సుమారు 2 రెట్లే వస్తుంది. పెట్రోలు జోలికి పోనవసరం లేకుండానే ఘాటులో ఆగిన కారు రహస్యం తరగతి గదిలో తేటపడుతుంది.

ఈ ప్రయోగం చేసిన విద్యార్థి రేపు మెకానిక్కు అయినా, బండి యజమాని అయినా, “ఏది మార్చాలి?” అని ముందుగా అడగడు. “ఎప్పుడు ఆగుతున్నది? అప్పుడు ఎంత కావాలి? ఎంత అందుతున్నది?” అని అడుగుతాడు. ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాత ఏది మార్చాలో బండే చెబుతుంది.